కరెంటు బిల్లు గల్లీలోనే పుడుతుంది

వేసవి అడుగుపెట్టగానే హితబోధలు మొదలవుతాయి. అవసరం లేనప్పుడు ఫ్యాన్లు ఆపండి, దీపాలు ఆర్పండి, విద్యుత్తును ఆదా చేయండి అని పత్రికలూ టీవీలూ పోటీ పడి చెబుతాయి. ఆ మాటలో దోషం లేదు. కానీ తలాబ్‌కట్టలో మూడో అంతస్తు మీద, ఒకే ఒక గదిలో ఐదుగురితో కాపురం ఉంటున్న ఇల్లాలికి ఆ మాట చెప్పడంలో మాత్రం అన్యాయం ఉంది. ఆమె ఇంట్లో ఫ్యాను అవసరం లేని క్షణం మార్చి నుంచి జూన్ దాకా రాదు. పట్టపగలు పన్నెండు గంటలకు కూడా ట్యూబులైటు లేకపోతే ఆమెకు బియ్యంలో రాయి కనపడదు. ఆ కరెంటును ఆమె దుబారా చేయడం లేదు. ఆమె చేత ఖర్చు పెట్టించేలా ఆ ఇంటిని, ఆ గల్లీని మనం కట్టాం.

మధుమేహం గురించి, రక్తపోటు గురించి రాసే ఈ ముసలి వైద్యుడు ఇళ్ల గురించి, గల్లీల గురించి ఎందుకు మాట్లాడుతున్నాడని మీకు అనిపించవచ్చు. ముప్ఫై ఏళ్లకు పైబడిన నా ప్రభుత్వోద్యోగంలో ఎక్కువ భాగం పాతబస్తీలోనే గడిచింది. నేను పుట్టి పెరిగింది కూడా అక్కడే, శాలిబండలో. నా దగ్గరకు వచ్చిన రోగుల్లో ఎందరికో సగం జబ్బు వారి శరీరంలో ఉంటే, మిగతా సగం వారి పైకప్పులో ఉండేది. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

చల్లటి గది ఎక్కడుంది?

పదవీ విరమణకు కొన్నేళ్ల ముందు, ఒక మే నెలలో, అరవై ఐదేళ్ల తల్లిని ఆమె కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. ఆమెకు మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. నీరు తీసే మాత్రలు వాడుతోంది. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది, తానెక్కడున్నదీ ఆమెకు తెలియడం లేదు. ఒళ్లంతా తడిపి, ఫ్యాను కింద పెట్టి, సెలైన్ ఎక్కించాం. మూడో రోజుకు తేరుకుంది. ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద మందులతో పాటు నా అలవాటు ప్రకారం ఒక వాక్యం రాశాను: "చల్లటి, గాలి ఆడే గదిలో ఉండాలి."

వారం తిరక్కముందే ఆమె మళ్లీ వచ్చింది. నాకు కోపం వచ్చింది. "చీటీలో రాసింది చదవలేదా?" అని కొడుకుని గద్దించాను. అతను తల దించుకునే అన్నాడు: "చదివాను డాక్టర్ సాబ్. ఆ చల్లటి గది ఎక్కడుందో మీరే చెప్పండి, అమ్మను అక్కడికే తీసుకెళ్తాను."

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. రెండు మోటారు సైకిళ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసినంత సన్నని గల్లీ. మూడో అంతస్తులో ఒక గది. మూడు గోడలు పొరుగిళ్లకు ఆనుకుని ఉన్నాయి. గల్లీ వైపు ఒక్కటే కిటికీ. ఆ కిటికీకి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, అవతలి ఇంటి ఏసీ డబ్బా వేడిగాలి కక్కుతోంది కనుక దానినీ మూసేశారు. పైన సిమెంటు స్లాబు. రాత్రి ఎనిమిది దాటింది. మంచం ఎక్కి స్లాబుకు చేయి ఆనించాను. అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా లేకపోయినా, ఇంకా చల్లారని రొట్టెలా ఉంది. ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆ రొట్టె వేడినే కిందికి తోస్తోంది.

ఆ వేసవి ఆమెను గట్టెక్కించింది కింది అంతస్తు పొరుగువారు. నెల రోజులు రాత్రిపూట ఆమెను తమ గదిలో పడుకోబెట్టుకున్నారు. వైద్యుడినైన నేను రాసిచ్చింది ఆ ఇంట్లో అమలు చేయడానికి వీలే లేని ఒక వాక్యం మాత్రమే.

వేడి ఎటు నుంచి వస్తుంది?

హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు ఎండ గోడల మీద కంటే పైకప్పు మీద ఎక్కువ పడుతుంది. సన్నని గల్లీలో గోడలకు ఎదుటి ఇంటి నీడ ఎలాగూ ఉంటుంది. కాబట్టి సన్నని గల్లీ దానంతట అది శత్రువు కాదు. ఎండలు మండే దేశాల పాత నగరాలన్నీ సన్నని వీధులతోనే కట్టారు. 1591లో ఈ నగరానికి పునాది పడినప్పుడు ప్రణాళిక వేసిన మీర్ మోమిన్ ఇరాన్ దేశం నుంచి వచ్చినవాడు. ఎండ అంటే ఏమిటో, నీడ అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఆ సన్నని గల్లీకి ఒక జోడీ ఉండేది. అది ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన వాకిలి. ఉర్దూ మాట్లాడేవారు దానిని సెహన్ అనేవారు. మా ఇళ్లలో నడివాకిలి అనేవాళ్లం. రాత్రి చల్లబడిన గాలి బరువుతో ఆ వాకిట్లోకి దిగి గదుల్లోకి పాకేది. పగలు వేడెక్కిన గాలి అదే దారిన పైకి లేచిపోయేది. గల్లీ నీడనిస్తే, వాకిలి ఊపిరినిచ్చేది. రాతితో, ఇటుకతో, డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు పగటి వేడిని చాలాసేపు లోపలికి రానిచ్చేవి కావు. పెద్ద ఎత్తున ఈ పద్ధతిని చూడాలనుకునేవారు చౌమహల్లా ప్యాలెస్‌లో ఒక మధ్యాహ్నం నిలబడి చూడవచ్చు.

మనం చేసిందేమిటి? గల్లీ సన్నదనాన్ని అలాగే ఉంచుకున్నాం, వాకిలిని మాత్రం మూసేశాం. ముక్కు మూసి, నోరూ మూసి, ఊపిరి ఆడడం లేదని ఫ్యాను పెట్టుకున్నాం. గాలి లోపలికి రావాలంటే బయటికి పోయే దారి కూడా ఉండాలి. ఒక్క కిటికీ ఉన్న గదిలోకి గాలి తొంగి చూస్తుంది కానీ లోపలికి రాదు.

ఈ నేరంలో నాకూ భాగముంది. శాలిబండలోని మా తండ్రిగారి ఇంట్లో నడివాకిట్లో ఒక వేపచెట్టు, ఒక చేదబావి ఉండేవి. ఆయన పోయాక అన్నదమ్ములం ముగ్గురం ఇల్లు పంచుకున్నాం. వాకిలిని మూడు ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదని దానిమీద స్లాబు పోసి మూడు గదులు దింపాం. చెట్టు కొట్టించాం, బావి పూడ్పించాం. ఆ పంపకం కాగితం మీద నా సంతకం ఉంది. ఆ మరుసటి వేసవిలోనే ముగ్గురం మూడు కూలర్లు కొన్నాం. అంతకుముందు మా అమ్మ ఏ మధ్యాహ్నమూ విసనకర్ర తప్ప మరొకటి అడిగి ఎరుగదు. ముగ్గురు చదువుకున్న కొడుకులం కలిసి ఆమెను కరెంటుకు కట్టేశాం.

లెక్క చూద్దాం

మాటలు వద్దు, లెక్క చూద్దాం. రేషన్ కార్డున్న కుటుంబాలకు గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. అంటే రోజుకు ఆరున్నర యూనిట్లకు కాస్త ఎక్కువ. 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి.

మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. గాలి రాని ఇంట్లో మూడు ఫ్యాన్లు రోజుకు 20 గంటలు తిరిగితే నాలుగున్నర యూనిట్లు. ఫ్రిజ్‌కు ఒకటికి పైన. వెలుతురు లేని గదుల్లో పగలూ రాత్రీ వెలిగే రెండు ట్యూబులైట్లకు అర యూనిటు. నల్లా నీళ్లను సంపు నుంచి మూడో అంతస్తుకు ఎక్కించే మోటారుకు ఇంకాస్త. మొత్తం రోజుకు ఆరున్నరకు దగ్గర. ఏసీ లేదు, కూలర్ లేదు, విలాసం ఏదీ లేదు. ఆ కుటుంబం 200 యూనిట్ల గట్టు మీద నిలబడి ఉంది. ముసలితల్లి కోసం ఒక చిన్న కూలర్ రాత్రంతా వేస్తే గట్టు దాటిపోతుంది. దాటిన నెలలో మందులకు డబ్బు తక్కువ పడుతుంది. ఇన్సులిన్ రెండు రోజులకొకసారి వేసుకునే రోగులను నేను చూశాను. కారణం అడిగితే చాలాసార్లు "బిల్లు ఎక్కువొచ్చింది" అనే జవాబే వచ్చేది.

అదే ఇంటికి రెండు వైపులా గాలిదారి, పైకప్పు మీద తెల్ల సున్నం, పగటి వెలుతురు ఉంటే ఫ్యాన్లు సగం గంటలు తిరిగినా సరిపోతుందనుకుందాం. నెలకు 65 యూనిట్లకు పైగా మిగులుతాయి. ఏ ప్రకటన ఆ కుటుంబం చేత అన్ని యూనిట్లు ఆదా చేయించగలదు?

నష్టం కరెంటుతో ఆగదు. ఇంటి పట్టున కార్‌చోబీ అల్లికపని చేసే ఆడవాళ్లు పట్టపగలు ట్యూబులైటు కింద సూదిలో దారం ఎక్కిస్తారు. లాడ్‌బజార్‌కు లక్కగాజులు చేసిచ్చేవారు నిప్పుల వేడి పక్కనే, గాలి లేని గదిలో కూర్చుంటారు. ఎండ సోకని, గాలి మారని గదుల్లో క్షయ ఒకరి నుంచి ఒకరికి తేలికగా పాకుతుంది, పిల్లల ఉబ్బసం తగ్గనంటుంది.

ఏసీ ఉంది కదా అంటారా?

"కాలం మారింది, ఏసీలు చవకయ్యాయి, వాయిదాల మీద ఇస్తున్నారు" అనేవారున్నారు. ఏసీ వేడిని నశింపజేయదు, ఒక చోటి నుంచి మరొక చోటికి మోస్తుంది. టన్నున్నర ఏసీ పూర్తి బలంతో నడిచేటప్పుడు గదిలోంచి సుమారు 5 కిలోవాట్ల వేడిని తోడుతుంది. దానికి తాను మింగిన ఒకటిన్నర కిలోవాట్ల కరెంటును కూడా కలిపి గల్లీలోకి వదులుతుంది. అంటే ఎదురింటి కిటికీ ముందు ఆరు ఇస్త్రీపెట్టెలను వేడెక్కించి పెట్టినట్లు. వెడల్పాటి కాలనీ వీధిలో ఆ వేడి చెదిరిపోతుంది. నాలుగడుగుల గల్లీలో అది పోదు. ఒకరి చల్లదనం ఎదుటివారి ఉడుకుగా మారుతుంది. ఎదుటివారూ అప్పుచేసి ఏసీ కొంటారు. ఆఖరికి కొనలేనివాడు అందరి వేడినీ భరిస్తాడు.

ఏసీ వద్దని నేననను. గుండెజబ్బు ఉన్నవారికి, మంచాన పడ్డవారికి కొన్ని రాత్రుల్లో అది ప్రాణరక్షణే. కానీ గల్లీని చల్లబరచకుండా ఇంటికొక ఏసీ పెట్టుకోమనడం ఆరోగ్య విధానం అనిపించుకోదు.

మరి ఫ్యాను చాలదా? మన చర్మం ఉష్ణోగ్రత ఇంచుమించు 35 డిగ్రీలు. గాలి అంతకంటే వేడిగా ఉంటే ఒంటి వేడి చెమట ఆరడం ద్వారానే పోవాలి. గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను ఉపయోగం తగ్గిపోయి, వయసు మళ్లినవారికి కీడు కూడా చేయవచ్చు. పగలంతా అలిసిన గుండెకు, మూత్రపిండాలకు రాత్రి చల్లదనమే విశ్రాంతి. రాత్రంతా స్లాబు వేడి దిగుతుంటే ఆ విశ్రాంతి ఉండదు. 2015 మే నెల వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు 2,000 మంది చనిపోయారు. వడదెబ్బ అంటే మనకు పొలంలోనో రోడ్డు మీదో కుప్పకూలిన మనిషి కళ్లకు కడతాడు. ఇంట్లో, మంచం మీద, రాత్రిపూట కూడా వడదెబ్బ తగులుతుంది.

75 గజాలు, 600 గజాలు

ఇక చట్టాల సంగతి. 2018లో కేంద్రం నివాస గృహాల కోసం ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది. పైకప్పు ఎంత వేడిని లోపలికి రానివ్వవచ్చో, గది నేల విస్తీర్ణంలో ఎన్నో వంతు తెరుచుకునే కిటికీ ఉండాలో అందులో ఉంది. మన నగరం వంటి వాతావరణానికి అది ఎనిమిదో వంతు. చక్కని నియమం. కానీ వర్తించేది 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, అంతకు మించిన స్థలాలకు. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. దేశంలో ఆ దారిలో ముందడుగు వేసినందుకు అభినందించవలసిందే. అందులోనూ సొంత ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన ఉన్నవాటికే తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. మరోవైపు 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు వేసుకునేవారికి 2020 నుంచి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు.

పేదవాడిని ఆఫీసుల చుట్టూ తిప్పకుండా ఉండాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఫలితం గమనించండి. నేను వైద్యం చేసిన యాకుత్‌పురా, మొఘల్‌పురా, తలాబ్‌కట్ట ఇళ్లలో చాలావి 100 గజాల లోపువి. తోట, చెట్లు, నాలుగు వైపులా గాలి ఉన్న 600 గజాల బంగళాకు చల్లగా ఉండమని చట్టం ఆజ్ఞాపిస్తుంది. గాలి ఆడని 60 గజాల ఇంటిని "నీ ఇష్టం" అని వదిలేస్తుంది. వ్యాధి ఎక్కడ ఉందో అక్కడ తప్ప మిగతా అన్ని చోట్లా మందు పంచినట్లుంది.

పాతకాలాన్ని పొగడడం లేదు

వెనుకటి బస్తీ స్వర్గమని నేను చెప్పడం లేదు. నడివాకిళ్లు, దేవిడీలు ఉన్నవారికే ఉండేవి. లేనివారు కిక్కిరిసిన గుడిసెల్లో బతికారు. 1908 మూసీ వరద, ఆ తర్వాత వచ్చిన ప్లేగు ఆ సంగతిని క్రూరంగా చూపించాయి. కానీ ఆనాటి పాలకులు చేసిన పని చూడండి. 1912లో నగర అభివృద్ధి సంస్థను పెట్టారు. కిక్కిరిసిన బస్తీల్లోకి గాలి, వెలుతురు తేవడాన్ని ఆరోగ్య కార్యక్రమంగానే చేపట్టారు. పత్తర్‌గట్టిలో దుకాణాల ముందు రాతి కమానుల నీడలో నడిచే దారి ఆ సంస్థ కట్టినదే. ఈనాటికీ మే నెల మధ్యాహ్నం అక్కడ నడిచిన మనిషికి నీడ దొరుకుతుంది. వీధి నిర్మాణం వైద్యంలో భాగమని నూరేళ్ల కింద తెలిసినవాళ్లకు మనం వారసులం. ఈనాడు మనకు తోచే ఏకైక ఉపాయం రోడ్డు వెడల్పు. వాహనాలకు, అంబులెన్సులకు దారి కావాలి, నిజమే. కానీ చెట్లు లేకుండా వెడల్పు చేసిన రోడ్డు గోడల మీదికి కొత్తగా ఎండను తెచ్చి, తారు వేడిని కూడా కలిపి ఇంట్లోకి పంపుతుంది.

నేను రాసే కొత్త చీటీ

ప్రభుత్వానికి, నగరపాలక సంస్థకు:

1. 600 గజాల గీతను చెరిపేయండి. చల్లని పైకప్పును చిన్న ఇళ్లకు ప్రభుత్వ ఖర్చుతో చేయించండి. వేసవికి ముందే బస్తీ దవాఖానాలు, ప్రభుత్వ పాఠశాలల పైకప్పులతో మొదలుపెట్టండి.
2. చిన్న స్థలంలో కట్టే ఇంటికి కూడా ఆకాశానికి తెరిచిన ఒక గాలిబిలం తప్పనిసరి చేయండి. వెనుక వెనుకగా ఆనుకున్న రెండిళ్లు కలిసి ఒకటి వదిలితే ఆస్తిపన్నులో తగ్గింపు ఇవ్వండి. రూపాయి నమోదు అలాగే ఉండనీయండి. దానితో పాటు గాలిదారి చూపే ఒక నమూనా పటం ఉచితంగా ఇవ్వండి.
3. సన్నని గల్లీల్లో ఏసీ బయటి డబ్బాలను డాబా మీదికి మార్పించండి.
4. గల్లీ కలిసే ప్రతి కూడలిలో ఒక చెట్టు నాటండి. దానికి నీళ్లు పోసే బాధ్యతను ఒక మనిషికి అప్పగించండి.

ఇంటివారికి:

1. మార్చి రాకముందే డాబా కడిగి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేయండి. అద్దె ఇల్లయితే యజమానితో మాట్లాడండి. ఇల్లు అతనిదే అయినా బిల్లు మీది.
2. వాకిలి మిగిలి ఉంటే దానిమీద స్లాబు వేయకండి. నా మాట వినండి. వేసి చూసినవాడిని.
3. గదికి ఒకే కిటికీ ఉంటే దానికి ఎదురు గోడలో, పైన, గాలి పోయే రంధ్రం పెట్టించండి. గోడ పొరుగువారిదైతే తలుపు పైభాగంలో జాలీ వేయించండి.
4. ఫ్యాను చెడిపోయినప్పుడు 30 వాట్ల లోపు తీసుకునే బీఎల్‌డీసీ రకం కొనండి. ఏసీ ఉంటే 26 దగ్గర పెట్టి ఫ్యాను కూడా వేయండి.
5. ఒళ్లు కాలుతూ మాట తడబడినా, తికమక పడినా అది వడదెబ్బ. 108కు ఫోన్ చేసి, వాహనం వచ్చేలోగా ఒంటిని తడిపి విసరండి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయకండి.

చివరగా ఒక విన్నపం. ఈ రాత్రి పది గంటలకు మీ పైకప్పుకు ఒకసారి చేయి ఆనించి చూడండి. అది వెచ్చగా తగిలితే, "కరెంటు ఎందుకింత కాలుస్తున్నారు?" అని ఇంట్లో ఆడవాళ్లను గద్దించే ముందు ఆగండి. ఆ ప్రశ్న వేయవలసింది ఇల్లు కట్టినవారిని, వీధి గీసినవారిని, గజాల లెక్కతో గాలిని పంచినవారిని. చల్లటి గది ఎక్కడుందని ఆ కొడుకు నన్ను అడిగిన ప్రశ్నకు నేనింకా బాకీ ఉన్నాను. ఆ బాకీ నా ఒక్కడిదే కాదు.